ఎడమవైపు పదకొండు రాళ్లు

మా బుజ్జితల్లికి,

నాన్న బోలెడన్ని దీవెనలతో, అంతకు రెట్టింపు సంబరంతో రాస్తున్న ఉత్తరం. ఇక్కడ మీ అమ్మా నేనూ క్షేమం. క్షేమం అనే మాట ఈ రోజు నాకు పొట్టి చొక్కాలా ఉంది, ఎటు లాగినా చాలడం లేదు. అయినా ఉత్తరం అన్నాక రాయాలి కాబట్టి రాశాను. అక్కడ నువ్వూ, అల్లుడుగారూ, వియ్యపురాలుగారూ, మన చంటిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మేం బస్సెక్కే రోజు పొద్దున్నే అందింది. దారి పొడుగునా నాలుగుసార్లు చదివాను. పక్క సీట్లో మీ గుండు మామయ్య, "ఏం బావా, పరీక్ష ఏమైనా ఉందా, అలా బట్టీ పడుతున్నావు?" అని వెక్కిరించాడు. నువ్వడిగిన వాటికి ముందు జవాబులు చెప్పేస్తాను, మళ్లీ సంబరంలో పడి మర్చిపోతాను. అమ్మ మోకాలు బాగానే ఉంది. నువ్వు పంపిన పట్టీ కట్టుకుని నాకంటే ముందు నడుస్తోంది. నా బీపీ మాత్రలు ఒక్కపూట కూడా తప్పలేదు, మీ అమ్మ తప్పనివ్వదు. కొత్త బూట్లు వేసుకుంటున్నావా అని అడిగావు. మొదటి రోజు వేసుకున్నాను. రెండో రోజు నుంచి మీ గుండు మామయ్య వేసుకుంటున్నాడు, వాడి కాళ్లకు అతికినట్టు సరిపోయాయి. కోప్పడకు.

ఇంక చంటిదాని సంగతి. అది పెన్సిలు ఎడమచేత్తో పడుతోందనీ, బడి తెరిచేలోపు ఆ చెయ్యి మాన్పించమని టీచరు చెప్పిందనీ, వియ్యపురాలుగారు దాని ఎడమచేతికి గుడ్డతో తొడుగు కూడా కుట్టి ఉంచారనీ రాశావు. "నాకూ చిన్నప్పుడు మాన్పించారు కదా నాన్నా, నాకేం తక్కువైంది? అయినా మీరు ఎలా అంటే అలా. మీ మాట వచ్చేదాకా తొడుగు వెయ్యను" అని రాశావు. ఆ ఒక్క వాక్యం దగ్గర నాలుగుసార్లూ ఆగిపోయాను తల్లీ. దీనికి జవాబు ఇక్కడే రాసెయ్యొచ్చు. కానీ అది ఎక్కడినుంచి వచ్చిందో తెలియకపోతే నాన్న ఏదో ముసలి చాదస్తం కొద్దీ రాశాడనుకుంటావు. ఈ అయిదు రోజుల్లో ఏం జరిగిందో ముందు విను.

మా రాతిపనివాళ్ల సంఘం తరఫున ముప్పైరెండు మందిమి, చేతులు ఖాళీ అయిన ముసలిమేస్త్రీలం, కొందరం ఆడవాళ్లను కూడా వెంటబెట్టుకుని ఈ పాత నగరం చూడ్డానికి వచ్చామని నీకు తెలుసు కదా. రెండు రోజులు చూసి వెళ్లిపోవాలని మా లెక్క. మా గది కిటికీ తెరిస్తే శిథిలాలన్నీ కనిపిస్తాయి. తలలు లేని స్తంభాలు వరసగా నిలబడి ఉంటాయి. కప్పుల్లేని గదులు, ఎటూ పోని మెట్లు, గడ్డి మొలిచిన వీధులు. మామూలు మనుషులు వాటిని చూసి అయ్యో అంటారు. మా వాళ్లు అలా కాదు. బస్సు దిగీ దిగగానే ముప్పైరెండు మందీ తలో గోడ దగ్గరకు పోయి రాళ్ల సందుల్లో వేళ్లు పెట్టి చూడ్డం మొదలెట్టారు. వెంట వచ్చిన గైడు కుర్రాడు రాజుల పేర్లు చెబుతుంటే ఒక్కడూ వినడం లేదు. "ఈ వరస చూడరా, సున్నం లేకుండా ఎలా కూర్చోబెట్టాడో!" "మూల చూడు, మూల! బ్లేడు దూరదు!" ఇదే గోల. మా పనివాళ్లకు చచ్చిపోయిన మేస్త్రీలతో కూడా పోటీయే.

ఊరి తూర్పువైపు ఒక పెద్ద ద్వారం ఉంది. పై కమాను ఎప్పుడో కూలిపోయింది. దాన్ని మళ్లీ నిలబెట్టే పని జరుగుతోంది. చుట్టూ పరంజా కట్టి, రాళ్లన్నీ కూర్చునేదాకా కమానును మోసే సెంట్రింగు చెక్కలు కింద బిగించి, కుడివైపు పదకొండు రాళ్లు పాత రాళ్లే చక్కగా ఎక్కించారు. ఎడమవైపూ, నడినెత్తినా ఖాళీ. అక్కడ అందరికీ పెద్ద ఒక ఇంజినీరమ్మ. నీకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. తలమీద పసుపు టోపీ, మెడలో కొలత టేపు, ముక్కుమీద దుమ్ము. మమ్మల్ని చూసి ఎంతో మర్యాదగా చెప్పింది. "ఎడమవైపు రాళ్లు దొరకలేదండీ. రెండేళ్లు వెతికాం. రేపు పొద్దున్న కొత్తవి వస్తున్నాయి, మిషను మీద కోయించాం."

మాకందరికీ మనసు చివుక్కుమంది. పాత పనిలో మిషను రాయి అంటే పన్ను ఊడినచోట సుద్దముక్క పెట్టినట్టు ఉంటుంది. అయినా మనదేముంది, చూడ్డానికి వచ్చినవాళ్లం అని పక్కకు వచ్చేశాం.

పక్కనే చిన్న షెడ్డు, అందులో దొరికిన వస్తువులు పెట్టారు. నడుమ ఒక దిమ్మె మీద ఒక రాయి ఉంది. పైన వెడల్పు, కింద సన్నం. మొహం మీద ఉలి గీతలు రెండువైపుల నుంచీ ఏటవాలుగా వచ్చి మధ్యలో కలుస్తాయి, చేపముల్లులాగా. గైడు గొంతు సవరించుకుని, "ఇది అలంకార శిల. ఈ చేపముల్లు ఆకారానికి అర్థం ఏమిటన్నది పండితులకు ఇప్పటికీ అంతుపట్టలేదు" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది తల్లీ. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. పగలబడి నవ్వేశాను.

"ఏమండీ పెద్దాయనా, నవ్వే మాట ఏమన్నాను?" అన్నాడు గైడు, మొహం మాడ్చుకుని.

"అలంకారమా నా బొందా! ఇది కమాను నడినెత్తిన కూర్చునే రాయి నాయనా. ఇద్దరు మేస్త్రీలు చెరోవైపు నుంచీ చెక్కుకుంటూ వచ్చి ఇక్కడ కలుసుకున్నారు, అంతే" అన్నాను.

నా వెనకున్న ముప్పైమందీ రాయి చుట్టూ మూగారు. మీ గుండు మామయ్య ముందుకొచ్చి, కళ్లజోడు పైకి ఎత్తి, రాయి మీదికి వంగి చూశాడు. "కుడివైపు సగం మన గీతే. ఎడమవైపు సగం తిరగబడి ఉందేంట్రా?" అన్నాడు.

ఇక్కడ నీకు ఒక్క ముక్క మా పని సంగతి చెప్పాలి. రాయి మొహం చదును చేసేటప్పుడు సుత్తి పట్టిన చేతివైపు నుంచి ఉలి గీత కిందికి వాలుతుంది. కుడిచేత్తో కొట్టేవాడి గీతలన్నీ కుడి నుంచి ఎడమకు వాలతాయి. ఎవరు చెక్కినా అంతే. అందరూ కుడిచేతివాళ్లే కాబట్టి ఎక్కడ చూసినా గీత అటే వాలి ఉంటుంది. అది మాకు ఎంత అలవాటంటే, వేరేగా ఉండొచ్చని ఎవరికీ తట్టదు.

నాకు తట్టింది. ఎందుకో తర్వాత చెబుతాను.

షెడ్డు బయటికి వచ్చి చుట్టూ చూశాను. కంచె పక్కన ఒక రాళ్ల కుప్ప. అరవై దాకా ఉంటాయి. దగ్గరకెళ్లి పైరాయి మీద చెయ్యి పెట్టి తడిమాను. గీత ఎడమ నుంచి కుడికి. ఇంకో రాయి, అదీ అంతే. వరసగా పది రాళ్లు తడిమాను, అన్నీ అంతే. కుప్ప అంతా ఎవరో ఒక్కడి పని! ఎన్ని వందల ఏళ్ల కిందటో ఎడమచేత్తో సుత్తి పట్టిన ఒక్కడు!

ఇంజినీరమ్మను పిలిచాను. ఆమె వచ్చి చెప్పింది. "ఇవి వేరే కాలంవండీ. ఉలి పని పూర్తిగా వేరు. పక్క ద్వారం ఎప్పుడో పోయింది, దాని రాళ్లు అనుకుంటున్నాం. కొన్ని కమాను రాళ్లే, మాకూ తెలుసు. కొలతలు కూడా దగ్గరగా ఉన్నాయి. కానీ ఈ ద్వారానివి కావు. రేపు వీటిని నడిచే దారికి అంచులుగా పరిచేస్తున్నాం."

"అమ్మా, వేరే కాలం కాదు. వేరే చెయ్యి" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. కుడివైపు కుడిచేతివాడు, ఎడమవైపు పుర్రచేతివాడు, ఇద్దరూ ఒకేసారి చెరో కొసనుంచీ మొదలెట్టారనీ, నడినెత్తి రాయి దగ్గర కలిశారనీ చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. కోపంగా కాదు, జాలిగా. "బాబాయిగారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ ఒక్క మాట మీద పని ఆపలేను. చేతివాటం వల్లే గీత తిరగబడుతుందని ఎలా చెప్పగలరు? ఎవరైనా చేసి చూపించారా?"

మా వాళ్ల వంక చూశాను. ముప్పైమంది మేస్త్రీలు. వాళ్లంతా కుడిచేతివాళ్లే. మీ గుండు మామయ్య గొణిగాడు. "పోనీలే బావా, పుర్రచేతివాడిని ఇప్పుడు ఎక్కడినుంచి పట్టుకొస్తాం? ఉన్నా ఎవడు ఒప్పుకుంటాడు?"

తల్లీ, నీకు ఎప్పుడూ చెప్పని మాట ఇప్పుడు చెబుతున్నాను. నేను పుర్రచేతివాణ్ణి.

పన్నెండేళ్లప్పుడు పనిలో చేరాను. మొదటి రోజే సుత్తి ఎడమచేత్తో పట్టుకున్నాను. పెద్దమేస్త్రి ఇనప మూలమట్టంతో కణుపుల మీద కొట్టాడు. "ఈ చేత్తో కడితే గోడ పడిపోద్ది, ఎవడూ పని ఇవ్వడు" అన్నాడు. తోటివాళ్లు నెలరోజులు పుర్రోడా అని పిలిచారు. కుడిచేత్తో నేర్చుకున్నాను. నలుగురి ముందూ యాభై ఏళ్లు కుడిచేత్తోనే చేశాను. చెడ్డ మేస్త్రిని కాదు, అలాగని గొప్ప మేస్త్రినీ కాదు. నున్నటి పని ఏదైనా ఉంటే అందరూ అన్నానికి వెళ్లేదాకా ఆగి, గోడ వెనక కూర్చుని ఎడమచేత్తో చేసేవాణ్ణి. తర్వాత దాని మీద నాలుగు గీతలు కుడిచేత్తో కొట్టి కప్పేసేవాణ్ణి. నా పక్కనే ముప్పై ఏళ్లు పని చేసిన గుండు మామయ్యకు కూడా తెలియదు.

ఆ రోజు అక్కడ నిలబడి ఆలోచించాను. నోరు మూసుకుంటే ఎవరికీ నష్టం లేదు. రేపు లారీ వస్తుంది, ఆ రాళ్లు దారి పక్కన మట్టిలోకి పోతాయి. జనం తొక్కుకుంటూ పోతారు. ఆ ఎడమచేతివాడు కట్టిన సగం కమానుకు ఇంకెవడో మిషనువాడు హక్కుదారుడవుతాడు. ఆలోచిస్తుంటే బస్సులో చదివిన నీ వాక్యం గుర్తొచ్చింది. ఆ తొడుగు గుర్తొచ్చింది.

"ఒక సుత్తీ, ఉలీ ఇప్పించమ్మా. పనికిరాని కొత్త రాయి ఏదైనా ఉంటే ఇవ్వు. ఒక్క గంట చాలు" అన్నాను.

రాయి తెప్పించింది. నేనూ గుండు మామయ్యా చెరోవైపు కూర్చున్నాం. నేను ఉలి కుడిచేత్తో పట్టుకుని, సుత్తి ఎడమచేతిలోకి తీసుకున్నాను. మా వాళ్లలో ఎవరో, "అదేంటి, సుత్తి ఆ చేత్తో పట్టుకున్నాడు?" అన్నాడు. చెవులు వేడెక్కిపోయాయి. డెబ్బై నాలుగేళ్లొచ్చి పన్నెండేళ్లవాడిలా కణుపుల మీద దెబ్బ పడుతుందేమోనని చూశాను తల్లీ, అబద్ధం ఎందుకు. మొదటి దెబ్బ జారింది. రెండోది జారింది.

అప్పుడు జనం వెనక నుంచి మీ అమ్మ గొంతు వినిపించింది. "ఏమండీ, దోమను కొట్టినట్టు కొట్టండి. అది ఎప్పుడూ ఆ చేత్తోనే కదా కొడతారు!"

అందరూ గొల్లున నవ్వారు. నేను తలెత్తి చూశాను. "నీకు తెలుసా?" అన్నాను.

"నలభై ఏడేళ్లు కాపురం చేశాను, తెలీకేం? గుండీలు ఏ చేత్తో పెట్టుకుంటారో, గిన్నె ఏ చేత్తో తోముతారో చూడ్డం లేదా? చెప్పుకోవడం ఇష్టం లేదేమోలే అని ఊరుకున్నాను" అంది, ఎంతో మామూలుగా, వాటర్ బాటిల్ మూత బిగిస్తూ.

మూడో దెబ్బ నుంచీ జారలేదు. ఏం చెప్పను తల్లీ! చెయ్యి తనంతట తనే పోతోంది. యాభై ఏళ్లు దొంగతనంగా చేసిన పని ఎండలో ముప్పైమంది ముందు చేస్తుంటే భుజం మీది బరువు దించేసినట్టుంది. గుండు మామయ్య అటునుంచి, నేను ఇటునుంచి. "నెమ్మదిరా బావా, పరుగుపందెం కాదు!" అంటాడు వాడు. "నీకు పొట్ట అడ్డమొస్తే నేనేం చెయ్యను!" అంటాను నేను. మధ్యకు వచ్చేసరికి రెండు ఉలులూ ఠంగుమని ఒకదానికొకటి తగిలాయి. రాయి మీద దుమ్ము మీ అమ్మ కొంగుతో తుడిచింది.

చేపముల్లు. షెడ్డులోని రాయికి దీనికీ అచ్చు గుద్దినట్టు పోలిక.

ఇంజినీరమ్మ షెడ్డులోకి పోయి ఆ రాయి చూసింది, మళ్లీ బయటికి వచ్చి ఈ రాయి చూసింది. తర్వాత టోపీ తీసి చేత్తో పట్టుకుని, ఫోను చేసి, "రేపు లారీ పంపకండి" అంది. గైడు అలంకార శిల అని రాసిన బోర్డు తీసి చంకలో పెట్టుకున్నాడు.

మా వాళ్లు వేసిన కేకలకు స్తంభాల మీది పావురాలన్నీ లేచిపోయాయి.

రెండు రోజుల యాత్ర అయిదు రోజులైంది. బస్సు డ్రైవరు మొదట గొడవపడ్డాడు, తర్వాత అతనే గొలుసు కప్పీ లాగడానికి వచ్చాడు. కుప్పలోంచి కమాను రాళ్లు ఏరితే సరిగ్గా పదకొండు. ఒక్కొక్కటీ ఎక్కిస్తుంటే ఒకదాని పక్కన ఒకటి వేలు దూరకుండా కూర్చున్నాయి. ఎక్కడ ఏ రాయి పెట్టాలో ఇంజినీరమ్మ కొలతలు చెబుతుంటే, నేను గీతలు తడిమి చెప్పాను. రెండూ ఒక్కసారి కూడా తేడా రాలేదు. ఇప్పుడు తిట్టు, తిట్టేయ్, నేను పరంజా ఎక్కాను. టోపీ పెట్టుకునే ఎక్కాను. నడుముకు తాడు కూడా కట్టారు.

నాలుగో రోజు నడినెత్తి రాయి దించాం. రెండు వేళ్ల ఎత్తులో ఆగిపోయింది. అందరి మొహాలూ పాలిపోయాయి. నేను పడుకుని సందులోకి చూస్తే ఎండిన మట్టి పెళ్లొకటి అంటుకుని ఉంది. ఊడదీసి, కుంచెతో దులిపి, చెక్కసుత్తితో పది దెబ్బలు వేశాం. రాయి ఠక్కుమని కూర్చుంది. ఆ శబ్దం కోసం ఒక్కో మేస్త్రి పుట్టి చస్తాడమ్మా.

మా పనిలో ఒక అలవాటు ఉంది. కమాను కింద సెంట్రింగు చెక్కలు తీసేటప్పుడు, కట్టినవాడు దాని కిందే నిలబడాలి. నమ్మకం లేనివాడు కట్టకూడదని. ఇంజినీరమ్మ ససేమిరా అంది. ముందు ఆ చెక్కల కింద బిగించిన కొయ్యచీలలు వదులు చేయించి, గంటన్నరసేపు కొలతలు చూసుకుంది. వెంట్రుకంత కూడా కదల్లేదు. అప్పుడు "సరే, పదండి, నేనూ వస్తాను" అని మాతోపాటు కిందికి వచ్చింది. నేను, గుండు మామయ్య, ఇంజినీరమ్మ. మీ అమ్మ కూడా గబగబా వచ్చి నా పక్కన నిలబడింది. "నువ్వెందుకే ఇక్కడ?" అంటే, "మీ మీద నమ్మకం లేక, ఆ రాళ్ల మీద ఉండి వచ్చాను" అంది.

చెక్కలు ఒక్కొక్కటీ పక్కకు లాగేశారు. చివరిది కూడా వచ్చేసింది. పైకి చూశాను. కుడివైపు గీతలు అటు, ఎడమవైపు గీతలు ఇటు, నడినెత్తిన కలుసుకుని నిలబడ్డాయి. వాటి వెనక నీలంగా ఆకాశం. గుండు మామయ్య ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. "ముప్పై ఏళ్లు పక్కనే ఉన్నాను కదరా, నాతో ఒక్క మాట అనలేకపోయావా?" అన్నాడు. "నువ్వు నవ్వుతావనుకున్నాను" అన్నాను. "నవ్వేవాణ్ణేరా. నవ్వి ఊరుకునేవాణ్ణి" అన్నాడు.

ఇంక అసలు సంగతి. ఇంతసేపూ దీన్ని తోసుకుంటూ వచ్చాను.

నువ్వు రెండో తరగతిలో ఉండగా నీ ఎడమచేతికి పొద్దున్నే రిబ్బను కట్టి బడికి పంపేవాణ్ణి. మీ టీచరమ్మ కట్టమంది అని చెప్పేవాణ్ణి. అది అబద్ధం. టీచరమ్మ కట్టమనలేదు. ఆవిడ నన్ను పిలిపించి, నువ్వు ఎడమచేత్తో వేసిన పిల్లి బొమ్మ చూపించి, "ఈ పిల్ల చేతిలో ఏదో ఉందండీ" అని మెచ్చుకుంది. నాకు మూలమట్టం దెబ్బలు గుర్తొచ్చాయి. పుర్రోడా అనే పిలుపు గుర్తొచ్చింది. నా కూతురికి ఆ బతుకు వద్దనుకుని, మాన్పించమని నేనే ఆవిణ్ణి బతిమాలాను. ఆవిడ ఒప్పుకోలేదు. అప్పుడు నేనే కట్టాను, నీకు ఆవిడ పేరు చెప్పి, ఆవిడకు నీ మణికట్టు బెణికిందని చెప్పి.

నువ్వు బొమ్మలు వెయ్యడం మానేశావు. ఆ టీచరమ్మ ఎదురొస్తే రోడ్డు అవతలికి పోయేదానివి. ఆవిడకు కారణం తెలియక, "మీ అమ్మాయికి నామీద ఎందుకో కోపం" అని నాతో రెండుసార్లు అంది. రెండుసార్లూ నేను తలొంచుకుని ఊరుకున్నాను. నువ్వు ఇప్పుడు "నాకేం తక్కువైంది" అని రాశావు. ఏం తక్కువైందో నీకు తెలియకుండా చేసినవాణ్ణి నేనే తల్లీ.

ఈ సంగతి మీ అమ్మకు కూడా ఇవాళ పొద్దున్నే చెప్పాను. నా ఎడమచేతి సంగతి కనిపెట్టింది గానీ, ఇది కనిపెట్టలేకపోయింది. కిటికీ దగ్గర తువ్వాలు ఆరేస్తూ ఆగిపోయింది. తువ్వాలు వదిలేసి నావైపు తిరిగి, "నాకు చెబితే ఏం లాభం? దానికి రాయండి" అంది. అందుకే ఇది. ఇంటికి చేరిన మర్నాడే టీచరమ్మ ఇంటికి వెళ్తాను. ఆవిడ తిడితే పడతాను. తిట్టకపోతే అది ఇంకా కష్టం, అదీ పడతాను. నువ్వు తిట్టినా సరే. నీకు ఆ హక్కు ముప్పై ఏళ్ల నుంచీ ఉంది, నేనే దాచి ఉంచాను.

ఇప్పుడు నీ ప్రశ్నకు నా జవాబు. చంటిదాని ఎడమచెయ్యి జోలికి ఎవరూ పోవద్దు. టీచరుకు ఇది దాని తాత మాట అని చెప్పు. వియ్యపురాలుగారు ఎంతో ప్రేమగా కుట్టారు, ఆవిడ మనసు నొప్పించొద్దు. ఆ తొడుగు దాని బొమ్మకు తొడగమని చెప్పు. ఎవరైనా ఏమైనా అంటే ఇంజినీరమ్మ తీసిన ఫొటో ఇందులో పెడుతున్నాను, చూపించు. ఎన్నో వందల ఏళ్ల కిందట ఒక పుర్రచేతివాడు ఇంత పెద్ద ద్వారంలో సగం కట్టాడు. ఎవరో వాడి చేతికి గుడ్డ కట్టి ఉంటే ఆ ఊరికి సగం ద్వారమే ఉండేది. వాడి పేరు తెలియదు. కానీ రేపటినుంచి దాని కిందనుంచి నడిచే ప్రతి మనిషికీ గైడు వాడి గురించి చెబుతాడు. ఆ గైడుకు నేను మూడుసార్లు అప్పజెప్పించాను, తప్పు పోకుండా.

నీకు కూడా ఒక మాట. వీలున్నప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని, ఎవరూ లేకుండా కాదు, చంటిదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఎడమచేత్తో ఒక పిల్లిని వెయ్యి. వంకరగా వస్తే రానీ. నా మొదటి రెండు దెబ్బలూ కూడా జారాయి కదా.

ఇప్పుడు కలం చెయ్యి మార్చాను. ఇక్కడినుంచి అక్షరాలు కొక్కిరిబిక్కిరిగా ఉంటాయి, కూడబలుక్కుని చదువుకో. డెబ్బై నాలుగేళ్లలో ఎడమచేత్తో నేను రాస్తున్న మొదటి మాటలు ఇవి. మీ అమ్మ భుజం మీదనుంచి చూసి, "మీ కుడిచేతి రాత మాత్రం ఏం బాగుండేది?" అంటోంది.

అల్లుడుగారికీ వియ్యపురాలుగారికీ నమస్కారాలు. చంటిదాని ఎడమచేతికి తాతయ్య ముద్దు.

ఇట్లు,
ఇన్నాళ్లూ ఒక్క చేత్తోనే దీవించి, ఇప్పుడు రెండు చేతులా దీవిస్తున్న
మీ నాన్న